తొలి కుండ పాట

ఐశ్వర్య పాడుతుంటే మా అమ్మ రాగిపిండి కలపడం మరిచిపోయింది. గంగాళంలో మునిగిన చెయ్యి మునిగినట్టే ఉండిపోయింది. ఆ పాట నేను వంటింట్లో నోట్లో నోట్లోనే ఎన్నిసార్లు పాడుకున్నానో లెక్కలేదు. నా పాటకు ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఐశ్వర్య మా పంకజాక్షి అత్త కూతురు. తిరుపతిలో ఉంటారు. నా ఈడుదే. ఇద్దరం ఈ ఏడాదే పదో తరగతి పరీక్షలు రాశాం, తను కాన్వెంటులో, నేను మా ఊరి హైస్కూల్లో. తను సంగీతం క్లాసుకు పోతుంది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తుంది. నా పేరు జ్ఞానాంబ, మా అమ్మమ్మ పేరు. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను "ఉన్నాను సార్" అంటే, పక్కనున్న పిల్ల మళ్ళీ గట్టిగా చెప్పాలి.

మా ఊరు వడమాలపేటకు దగ్గర. గంగమ్మ జాతరకు తొలి అంబలి కుండ మా ఇంట్లోనే ఎత్తాలి. అది ఎత్తుకున్న మనిషి పాడుతూ ముందు నడిస్తే, వెనక ఊరి కుండలన్నీ నడుస్తాయి. ఆ పాట మా అవ్వ సిద్ధమ్మకు వాళ్ళ అత్త నేర్పింది. పోయిన జాతరలో సగం దారిలో అవ్వకు ఆయాసం వచ్చి పాట ఆగిపోయింది. అవ్వ నిలబడింది. వెనక ఊరంతా నిలబడింది. అప్పటినుంచే మా నాయన అంటున్నాడు, వచ్చే ఏటికి పాట సీడీలో పట్టి మైకు సెట్టులో వేద్దామని.

అవ్వ ఒప్పుకుంది కానీ ఒక మాట పెట్టింది.

"పాట మైకులో వస్తే ఏమి, నోట్లో వస్తే ఏమి? ఎవురి పాటయితే వాళ్ళే కుండ ఎత్తాల."

ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ పాట నాకు వచ్చు. ఎవరూ నేర్పలేదు. బోరింగు దగ్గర నుంచి బిందె ఎత్తుకుని వచ్చేటప్పుడు దారి పొడవునా లోపల్లోపలే పాడుకుంటాను. ఇంట్లో అవ్వ తప్ప ఆ పాట మొత్తం వచ్చినది నేనొక్కదాన్నే. ఆ మాట గట్టిగా చెప్పలేక నేను ఊరుకుంటే, జాతరకు ముందుగానే అత్త ఐశ్వర్యను వెంటబెట్టుకుని దిగింది. రెండు పూటల్లో ఐశ్వర్య పాట మొత్తం నేర్చేసుకుంది.

"మా పాప పాడుతుందిలే అమ్మా," అంది అత్త. "సంగీతం నేర్చిన గొంతు కదా."

అమ్మ తల ఎత్తకుండానే అంది: "మా జ్ఞానాకు గూడా వచ్చుననుకుంటా."

అమ్మకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

అవ్వ ఇద్దరినీ చూసింది. "ఇద్దురూ పాడండి. ఏది బాగుంటే అది ఏపిద్దాము," అంది.

*

మా చిన్నాయన కొడుకు గిరిప్రసాద్ పుత్తూరులో డీటీపీ సెంటర్లో పని చేస్తాడు. ఆ షాపులో తీసేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చి హాల్లో పెట్టాడు. పాటలు రికార్డు చేసే సాఫ్టువేరు ఏదో కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోది. మైకు మాత్రం కొత్తగా కొన్నాడు. వేలంత ప్లాస్టిక్ మైకు, మూతికి జల్లెడలాగా సన్న చిల్లులు. చెంబులో బియ్యం పోసి, అందులో చీపురుపుల్లల కట్ట గుచ్చి, దానికి మైకును రబ్బరుబ్యాండుతో కట్టి బల్ల మీద పెట్టాడు.

మొదట ఐశ్వర్య పాడింది. ఇంటికొచ్చిన ఆడబిడ్డ కూతురు కదా, ముందు ఆమెకే. గిరన్న చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, బటన్ నొక్కి, "ఊఁ, పాడమ్మా" అన్నాడు. ఐశ్వర్య కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

తొణకొద్దు తొణకొద్దు అంబలి కుండా,
గంగమ్మ గడపదాకా నా తల మీదుండా...

అమ్మ చెయ్యి ఆగింది అప్పుడే.

ప్రతి పాదం చివరా ఐశ్వర్య గొంతు ఊయల ఊగినట్టు ఊగి దిగింది. నేను గోడకు ఆనుకుని వింటూ, ఎక్కడైనా తప్పు పోతుందేమోనని ఎదురుచూశాను. పోలేదు. బాగుందని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు ఐశ్వర్య మీద ఇంకా కోపం వచ్చింది.

పాట అయిపోగానే కరెంటు పోయింది. పాట సేవ్ అయిందిలే అని గిరన్న బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడ్డాడు. అవ్వ మాత్రం లోపలినుంచి పసుపు గిన్నె పట్టుకొచ్చింది. అంబలి కుండకు పుయ్యడానికి చిక్కగా కలిపిన పసుపు. కొత్త నాగలి వచ్చినా, కొత్త మిక్సీ వచ్చినా మా ఇంట్లో పసుపు పూసి బొట్టు పెట్టకుండా వాడరు. అవ్వ మైకు మూతి నిండా మెత్తి, పైన కుంకుమబొట్టు పెట్టింది.

కరెంటు వచ్చాక గిరన్న అది చూసి నవ్వాడు.

"ఏందవ్వా, మైకుకు గూడా సింగారమా?"

"గమ్మునుండరా. తల్లి పాట పాడేది ఉత్త మూతితో పాడకూడదు."

"అయితే ఐశ్వర్య ఉత్త మూతితో పాడిందే!"

"అందుకే ఇప్పుడన్నా పెట్టినాను. దీన్నన్నా బాగా పాడనీ."

అందరూ నవ్వారు. నేను కుర్చీలో కూర్చున్నాను. గిరన్న బటన్ నొక్కగానే కుర్చీ ముందుకు జరుపుకోబోతే ఒక మోకాలు బల్లకు తగిలింది. చెంబులో బియ్యం కదిలింది. "ఊఁ, పాడమ్మా" అన్నాడు గిరన్న. నేను ఎవరినీ చూడకుండా, పసుపు మైకునే చూస్తూ పాడాను. తలమీద బిందె ఉన్నట్టు అనుకుని పాడాను. నాకు తెలిసి బతుకులో నేను అంత గట్టిగా ఎప్పుడూ పాడలేదు.

సాయంత్రం స్పీకర్లలో రెండూ వేశారు. ఐశ్వర్య పాటకు పక్కింటి చంద్రకాంతమ్మ గూడా గడపలోకి వచ్చి నిలబడింది. తర్వాత నా పాట వేశారు. ఏమీ వినపడలేదు. గిరన్న స్పీకరు వాల్యూమ్ గుండీ చివరిదాకా తిప్పాడు. ఎక్కడో దూరంగా, బావిలో ఎవరో మూలుగుతున్నట్టు నా గొంతు.

"ఏసినావా అబ్బోడా, ఇంకా ఎయ్యలేదా?" అంది చంద్రకాంతమ్మ.

"ఏసినాను పెద్దమ్మా. వస్తా ఉండాది."

"యాడ వస్తా ఉండాది?"

అత్త జాలిగా నా తల నిమిరింది. "పాపం, దాని గొంతే అంత. దేవుడు ఇచ్చింది ఇంతేనంటే ఏం చేస్తాం?"

ఆ జాలి ఐశ్వర్య పాటకంటే కష్టంగా ఉంది. ఐశ్వర్య నా చెయ్యి పట్టుకుని, "నాక్కూడా ఫస్ట్‌లో ఇంతే జ్ఞానా, మా మిస్ దగ్గర ప్రాక్టీస్ చేస్తే వచ్చింది" అంది. మంచిగానే అంది. ఒక్క చెడ్డ మాట అని ఉంటే బాగుండేది. నేను హాయిగా అసహ్యించుకుని ఉండేదాన్ని. ఆ రోజు డైరీలో ఐశ్వర్య అని రాసి, కింద గీత గీసి, ఏమీ రాయలేక మూసేశాను.

అవ్వ మాత్రం ఏమీ తేల్చలేదు. "రేపు సాయంత్రం సెప్తా," అని పడుకుంది.

*

పొద్దున గిరన్న షాపుకు బయల్దేరుతూ నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. సాయంత్రం ఒక పాట సీడీలో రాసి మైకు సెట్టు కుప్పయ్యకు ఇవ్వాలి. మర్నాడే జాతర.

"సూడు, తక్కువగా పడిన పాటను పెంచొచ్చు. ఇట్ల మౌసుతో మొత్తం పట్టుకో. ఈడ ఆంప్లిఫై అని ఉండాది కదా, నొక్కు. ఈ గుండు కుడిపక్కకు జరిపితే పెరుగుతాది. తప్పు పోతే అన్‌డూ నొక్కు, మళ్ళా మొదటికి వస్తాది. భయపడొద్దు."

"నువ్వే చెయ్యన్నా."

"నీ పాట, నువ్వే చేసుకో."

తెర మీద రెండు పాటలూ ఒకదాని కింద ఒకటి పరిచి పోయాడు. పైది ఐశ్వర్యది. నీలంరంగులో చేపల వరసలాగా లావుగా, నిండుగా ఉంది. కిందది నాది. మధ్యలో గీసిన గీత. అక్కడక్కడా గీత కాస్త ఉబ్బింది, అంతే. నిన్న సాయంత్రం విన్నప్పటికంటే కళ్ళతో చూస్తే ఇంకా సిగ్గేసింది.

మొత్తం పట్టుకుని ఆంప్లిఫై నొక్కాను. గుండు కొంచెం జరపగానే కింద ఓకే బటన్ వెలిసిపోయింది. నొక్కనివ్వదు. ఎన్నిసార్లు చేసినా అంతే. అరిటాకంత పెరగాల్సింది తమలపాకంత కూడా పెరగనివ్వడంలేదు.

అప్పుడు గీతను దగ్గరగా పెద్దది చేసి చూశాను. పాట మొదట్లోనే ఒకచోట గుంజలాగా నిట్టనిలువుగా ఒక గీటు, పైకప్పుకు దాదాపు తగులుతోంది. అక్కడ పెట్టి వింటే ధడ్ మంది. నా మోకాలు. బల్లకు తగిలిన మోకాలు! అది ఒక్కటీ అప్పటికే కప్పు దగ్గర ఉంటే, పాటను పెంచితే అదీ పెరిగి కప్పు దాటిపోతుంది. అందుకే పెంచనివ్వడంలేదు. ఆ మోకాలు ముక్కను మాత్రం పట్టుకుని తుడిచేశాను. మళ్ళీ మొత్తం పట్టుకుని గుండు జరిపితే, ఈసారి సాఫీగా పోయింది. కిందున్న 'అలో క్లిప్పింగ్' గడి గూడా నొక్కి, కప్పు దాటి మరీ చివరిదాకా లాగేశాను. వింటే పగిలిన రేకులాగా గరగర. అలల తలలన్నీ కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయి. అన్‌డూ.

అత్తా, ఐశ్వర్యా, అమ్మా పెరట్లో జాతర పిండివంటలు చేస్తున్నారు. ఐశ్వర్య ఏదో అంటోంది, అమ్మ నవ్వుతోంది. అమ్మ నా మాటలకు అట్లా నవ్వదు. నేను అట్లాంటి మాటలు చెప్పను కూడా. పైనున్న లావుపాటి నీలం వరసను చూశాను. దాన్ని పట్టుకుని గుండు ఎడమపక్కకు జరిపాను. చేపలన్నీ ఎండుచేపలయ్యాయి. విన్నాను. ఐశ్వర్య గొంతు గూడా బావిలోనుంచి వచ్చింది. అయినా ఆ ఊయల మాత్రం పోలేదు. సన్నగా అయినా అందంగానే ఉంది. చిన్నది చేస్తే చెడిపోతుందనుకున్నాను, చెడలేదు. అన్‌డూ నొక్కేశాను.

నాది ఎంత పెంచాలి? ఐశ్వర్యది ఎంతుందో అంత పెంచితే నేను అంత గట్టిగా పాడినట్టు దొంగ లెక్క అవుతుందేమో. అట్లా ఆలోచిస్తూ రెండింటి మొదళ్ళూ దగ్గరగా పెట్టి చూస్తుంటే, రెండు చోట్లా పాటకు ముందు ఒక చిన్న మచ్చ కనిపించింది. పైనది నొక్కితే "ఊఁ, పాడమ్మా." కిందది నొక్కితే, చెవి పెట్టి వింటే, అదే, "ఊఁ, పాడమ్మా."

గిరన్న గొంతు. పైన చింతగింజంత. కింద ఆవగింజంత.

నా గొంతు సన్నది సరే. గిరన్న గొంతు ఎందుకు సన్నబడింది? రెండుసార్లూ అదే కుర్చీలోనే కూర్చున్నాడు. అదే మాట, అట్లాగే అన్నాడు. గిరన్న గొంతు ఎట్లాంటిదో ఊరంతటికీ తెలుసు. పొలంలోనుంచి పిలిస్తే ఇంట్లో వినపడుతుంది.

బల్ల మీద చెంబులో మైకు అట్లాగే ఉంది. తీసి చూశాను. పసుపు ఎండి పెచ్చులాగా గట్టిపడింది. జల్లెడ చిల్లుల్లో ఒక్కటి కూడా తెరిచిలేదు.

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. దేవుడు ఇచ్చింది ఇంతే కాదు. అవ్వ పూసింది ఇంత!

ఇక ఎంత పెంచాలో నాకు తెలిసింది. నా పాటను చూడలేదు. గిరన్న ఆవగింజ చింతగింజయ్యేదాకా పెంచాను. గిరన్న ఇక్కడా అక్కడా ఒకే లావు అయినప్పుడు ఆపి, చూశాను. నా పాట లేచి నిలబడింది. ఐశ్వర్య వరస పక్కన పెడితే ఒక వెంట్రుకంత తక్కువ, అంతే. కొన్నిచోట్ల ఎక్కువ కూడా.

*

గిరన్న వచ్చేసరికి మైకు చేతిలో పట్టుకుని గడపలోనే నిలబడ్డాను.

"అన్నా, నా గొంతు కాదు."

"ఏంది?"

"నా గొంతు కాదు తక్కువ. పసుపు."

గిరన్న మైకు చూశాడు. తర్వాత నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి నా తెలివి తగలెయ్య! నవ్వి ఊరుకున్నానే గానీ తుడవలేదు కదప్పా!" పిన్ను తెచ్చి చిల్లులు గీకాడు. "మళ్ళా పాడించేస్తా ఉండు" అని తగిలించి చూస్తే మైకులో ఉలుకూపలుకూ లేదు. పసుపు తడి లోపలికే పోయిందో, పిన్నే గుచ్చుకుందో.

"నేను పెంచి పెట్టినాను. వినన్నా," అన్నాను.

అత్త మూతి ముడిచింది. "పెంచుకుంటే ఎవరిదైనా పెరుగుతుంది. అది నిజం గొంతు ఎట్లవుతాది?"

నేను ఎప్పుడూ అత్తకు ఎదురు మాట్లాడలేదు. ఆ రోజు కూడా మాట్లాడలేక, మౌసు పట్టుకుని గిరన్న "ఊఁ, పాడమ్మా" రెండూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి వినిపించాను. మొదట ఐశ్వర్య పాటలోది. తర్వాత నా పాటలో, పెంచకముందుది. గిరన్నే చెప్పాడు.

"సూడత్తా, నా గొంతు గూడా పీక నులిమినట్టుండాది. నాది సమానమయ్యేదాకానే పెంచినాది. దాంట్లో మోసమేముంది?"

అవ్వ మంచం మీదనుంచి లేచి వచ్చింది.

"ఏమంటారు? నేను పూసిన పసుపుతో మైకు సచ్చిందంటారా?"

గిరన్న చేతిలోని మైకు లాక్కుని తిప్పి చూసింది.

"తల్లికి పూసేది. అది పూస్తే గొంతు లేస్తాది గానీ పడుకుంటాదా?"

"పడుకునింది అవ్వా," అన్నాడు గిరన్న. "జ్ఞానానే లేపింది."

"సరే, ఏసి సూపించు."

ముందు ఐశ్వర్యది వేశాడు. తర్వాత నాది. నా పాటతో పాటు మా ఇల్లంతా లేచింది. ఫ్యాను గాలి బియ్యం చెరిగినట్టు చెరుగుతోంది. పెరట్లో కోడి. అమ్మ గంగాళం కడుగుతున్న చప్పుడు. అవ్వ దగ్గు. వాటన్నిటి మధ్యలో నా గొంతు నడుస్తోంది. నడవడమే. ఊయల లేదు.

అవ్వ కళ్ళు మూసుకుంది. కాసేపటికి కూర్చున్నచోటే పాదం ఆడించడం మొదలుపెట్టింది. చెయ్యి ఎత్తి తలమీద ఏదో పట్టుకున్నట్టు పెట్టుకుంది. పాట అయ్యేదాకా ఆ చెయ్యి దించలేదు.

"పంకజా, నీ బిడ్డ పాట తేనె. అది వింటా ఉంటే యాడికీ పోబుద్ధి కాదు, కూసోని వినాల. దీని పాటకు అడుగు పడతా ఉండాది. కుండ ఎత్తినాక కూసోనే పాట ఏం చేసుకునేది? ఆ సాగదీతకు కాలు ఎప్పుడు ఎత్తాల, ఎప్పుడు దించాల?" అంది. తర్వాత నావైపు తిరిగి అడిగింది. "యాడ నేర్సుకున్నావే?"

"బోరింగు కాడ," అన్నాను.

"ఏంది? గట్టిగా సెప్పు."

"బోరింగు కాడ అవ్వా. బిందె ఎత్తుకోనొచ్చేటప్పుడు."

"ఊఁ," అంది అవ్వ.

ఐశ్వర్య లేచి చప్పట్లు కొట్టింది. "జ్ఞానా, నీకింత గొంతుందా! చెప్పనే లేదు" అని నన్ను కౌగిలించుకుంది. దాని కళ్ళలో ఏమైనా కనిపిస్తుందేమోనని వెతికాను. కాస్తన్నా ఏడుపు, కాస్తన్నా మంట. కనిపించలేదు. ఓడిపోయినా దానికి ఏమీ తగ్గలేదు. నాకు గెలిచిన సంతోషం సగం అక్కడే పోయింది.

*

జాతర రోజు ట్రాక్టరుకు కుప్పయ్య రెండు మైకు హారన్లు కట్టాడు. సీడీ పెట్టగానే ముందుగా ఊరంతటికీ "ఊఁ, పాడమ్మా" అని వినిపించింది. గిరన్న అది కత్తిరించడం మరిచిపోయాడు. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తర్వాత కోడి అరిచింది. అవ్వ దగ్గింది.

"సిద్ధమ్మ దగ్గు గూడా రికార్డు చేసినారే!" అన్నారెవరో.

తర్వాత నా గొంతు మొదలైంది. అంత పెద్దగా నా గొంతు నేనెప్పుడూ వినలేదు. మిద్దెలకు తగిలి వెనక్కి వచ్చింది. అమ్మ పసుపు పూసిన కుండ ఎత్తి నా తలమీద పెట్టింది. పెట్టాక చెయ్యి వెంటనే తియ్యలేదు, ఒక క్షణం అట్లాగే ఉంచింది. నేను నడిచాను. వెనక ఊరు నడిచింది.

రెండో పాదం దగ్గరికి వచ్చేసరికి నా వెనకనుంచి ఇంకో గొంతు కలిసింది. ఐశ్వర్య. ఊయల లేకుండా, నా నడకకు సరిపోయేట్టు, నాలాగే పాడుతోంది. ఒక్కసారి వినగానే అది కూడా నేర్చేసుకుంది. పక్కన ఎవరో అన్నారు: "అబ్బ, ఎవరబ్బా ఆ పాప, ఏం పాడతా ఉండాది!"

ట్రాక్టరులో పాడుతున్న నన్ను అన్నారో, వెనక పాడుతున్న ఐశ్వర్యను అన్నారో. తిరిగి చూస్తే తెలిసేది. ఎవరి ముఖాలు ఎటు ఉన్నాయో ఒక్క చూపు చాలు.

కుండలో అంబలి అంచుదాకా ఉంది. గంగమ్మ గుడి ఇంకా దూరముంది. తల తిప్పకుండా నడిచాను.